చిలకలపూడి బంగారం, చేతి గడియారం

బందరులో చిలకలపూడి అనే పేట ఉందండీ. మన కోస్తా జిల్లాల ఆడవాళ్ళలో ఆ పేరు వినని వాళ్ళు తక్కువ. రాగి మీద, ఇత్తడి మీద సన్నని బంగారు పూత వేసి గాజులు, గొలుసులు, నాట్యానికి కావలసిన నగలు చేస్తారక్కడ. మా చిన్నప్పుడు పెళ్ళికి వెళ్తే "ఇది అసలుదా, చిలకలపూడిదా?" అని పెద్దవాళ్ళు మొహం మీదే అడిగేవారు. "చిలకలపూడిదే పిన్నీ" అని ఇవతలివాళ్ళు నవ్వుతూ చెప్పేవారు. అందులో నామోషీ ఏమీ లేదు. అది నకలే, కానీ మోసం కాదు. తన ఊరి పేరు తాను చెప్పుకుని తిరిగే నకలు.

ఈ మధ్య మా ఇంట్లో నకలు గురించి చాలా చర్చ నడిచింది. నగల గురించి కాదు, చేతి వాచీల గురించి. మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రెండేళ్ళ నుంచి వాడికి వాచీలు విప్పడం, బిగించడం సరదా. వాడి నోట్లో ఎప్పుడూ మూడు మాటలు తిరుగుతుంటాయి. పెద్ద కంపెనీ పేరుతో సహా అచ్చుగుద్దినట్టు దింపేస్తే అది రెప్లికా. మన బజారులో ఫస్ట్ కాపీ అనేది దాన్నే. రూపం మాత్రం అరువు తెచ్చుకుని సొంత పేరు పెట్టుకుంటే అది హోమేజ్. ఉన్న వాచీని విప్పి డయలు, ముళ్ళు, అద్దం మన ఇష్టానికి మార్చుకుంటే అది మాడ్. తెలిసి తెలిసి రెప్లికా కొని, దాన్ని విప్పి, భాగాలు మార్చి అసలుకు ఇంకా ఇంకా దగ్గరగా తెచ్చుకునేవాళ్ళు కూడా ప్రపంచమంతటా ఉన్నారట. ఇదేం పిచ్చిరా అనుకున్నాను మొదట. తర్వాత దీని పూర్వాపరాలు చదువుతూ పోతే, ఈ పిచ్చి వయసు మూడు వందల ఏళ్ళకు దగ్గరగా తేలింది.

పద్దెనిమిదో శతాబ్దంలో గడియారం అంటే లండన్‌దే. అప్పటికింకా జేబు గడియారాలే. లండన్ పనివాళ్ళకున్న పేరు చూసి, జెనీవా చుట్టుపక్కల పనివాళ్ళు చవకగా గడియారాలు చేసి, లోపల "లండన్" అని చెక్కి యూరప్ అంతా అమ్మారు. వాటి మీద విల్టర్, టార్ట్స్ లాంటి పేర్లు కనిపిస్తాయి. ఇంగ్లీషువాడి పేరులా ధ్వనిస్తే చాలు, అలాంటి మనిషి లండన్‌లో ఉన్నాడా లేడా అన్నది ఎవరికి పట్టింది! డయళ్ళ తీరు డచ్చివాళ్ళ అభిరుచికి తగ్గట్టు ఉండేది కాబట్టి వీటికి "డచ్చి నకళ్ళు" అన్న పేరు స్థిరపడింది. అంటే చూడండి, ఇవాళ నకళ్ళ వల్ల నష్టపోతున్నామని వాపోతున్న స్విట్జర్లాండే ఒకప్పుడు నకళ్ళ పుట్టిల్లు.

ఆ శతాబ్దం చివర్లో పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగే అనే మహానుభావుడు ఉండేవాడు. ఆయన కూడా పుట్టింది స్విట్జర్లాండ్‌లోనే. రాజులు, రాణులు ఆయన ఖాతాదారులు. ఆయన పేరుతో దొంగ గడియారాలు ఎంతగా పుట్టుకొచ్చాయంటే, 1795 ప్రాంతంలో ఆయన ఒక ఉపాయం చేశాడు. డయలు మీద మామూలుగా చూస్తే కనిపించనంత సన్నగా తన సంతకం చెక్కడం మొదలుపెట్టాడు. వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూస్తేనే అది తెలుస్తుంది. దాన్ని "రహస్య సంతకం" అంటారు.

ఇది చదవగానే నాకు బీయేలో చదువుకున్న పాఠాలు గుర్తొచ్చాయి. మన కవులదీ ఇదే బాధ కదా! క్షేత్రయ్య పదాల్లో "మువ్వగోపాల" ముద్ర, త్యాగయ్య కీర్తనల్లో ఆయన పేరే ముద్ర. పదం ఎవరిదో తెలియడానికి పెట్టుకున్న గుర్తులవి. కానీ ముద్ర ఉన్నచోట దొంగ ముద్రా ఉంటుంది. వేమన మకుటం తగిలించుకుని ఎవరెవరో పద్యాలు కట్టి జనంలోకి వదిలారు. 1829లో బ్రౌన్ దొర వేమన పద్యాలు అచ్చు వేసిన నాటి నుంచి ఇప్పటిదాకా, ఏది వేమనది ఏది కాదు అని పండితులు తేల్చుకోలేకపోతున్నారు. పేరుకు విలువ పెరిగితే పేరునే దొంగిలిస్తారు. గడియారమైనా అంతే, ఆటవెలది అయినా అంతే.

మళ్ళీ గడియారాల దగ్గరికొద్దాం. 1867లో రోస్కోఫ్ అనే ఆయన పేదవాడికి గడియారం ఇవ్వాలని పట్టుబట్టాడు. స్విట్జర్లాండ్‌లోని లా షో ద ఫాన్ ఊళ్ళో ఉండేవాడు. లోపలి భాగాలు తగ్గించి, నగిషీలు మానేసి, ఇరవై ఫ్రాంకులకు అందేలా ఒక జేబు గడియారం తయారుచేశాడు. "శ్రామికుల గడియారం" అన్నారు దాన్ని. తోటి పనివాళ్ళు మొదట ముక్కు విరిచారు. అది అమ్ముడుపోవడం చూశాక వాళ్ళే దాన్ని కాపీ కొట్టారు. ఆయన పేరులో ఒక అక్షరం అదనంగా దూర్చి అమ్మినవాళ్ళు కూడా ఉన్నారు. ఖరీదైన వస్తువుకే నకలు పుడుతుందనుకుంటాం కానీ, పేదవాడి కోసం చేసిన చవక వస్తువుకు కూడా నకలు పుట్టిందన్నమాట!

ఇక 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. స్విస్ ప్రతినిధులు అక్కడికి వెళ్ళి, వాల్తామ్ కంపెనీ యంత్రాల మీద వేల కొద్దీ గడియారాలు తీస్తుండటం చూసి గాభరాపడ్డారు. ఫావ్ర్ పెరే, జాక్ డేవిడ్ అనే ఇద్దరు ఇంటికి వెళ్ళి, "మనం మారకపోతే మునిగిపోతాం" అన్న ధోరణిలో తమవాళ్ళను హెచ్చరించారు. స్విస్ వాళ్ళు మారారు, యంత్రాలు తెచ్చుకున్నారు. ఆ మధ్యకాలంలో కొందరు మాత్రం దగ్గరి దారి పట్టి, అమెరికన్ పేర్లలా ధ్వనించే పేర్లతో గడియారాలు చేసి అమెరికాలోనే అమ్మారు. లండన్ పాఠం మర్చిపోలేదు పాపం.

చేతికి కట్టుకునే వాచీ మొదట మన ఆడవాళ్ళ సొమ్మేనండీ. గాజులాగా, కడియంలాగా అది ఒక నగ. మగవాళ్ళు జేబు గడియారమే మగతనం అనుకునేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, కందకాల్లో ఒక చేత్తో తుపాకీ పట్టుకుని మరో చేత్తో జేబు తడుముకోవడం కుదరక, వాళ్ళూ చేతికి కట్టుకున్నారు. ఆ రోజుల్లోనే లండన్‌లో హాన్స్ విల్స్‌డార్ఫ్ అనే వ్యాపారి రోలెక్స్ అనే పేరు సృష్టించాడు. 1908లో రిజిస్టరు చేయించాడు. ఆ మాటకు అర్థమేమీ లేదు. పలకడానికి తేలిక, డయలు మీద పట్టేటంత చిన్నది, అంతే.

1926లో నీళ్ళు చొరబడని ఆయిస్టర్ వాచీ వచ్చింది. మరుసటి ఏడాది మెర్సిడీస్ గ్లైట్జ్ అనే ఈతగత్తె ఇంగ్లీషు చానల్ ఈదడానికి దిగినప్పుడు ఆ వాచీని మెడలో వేసుకుంది. నిజానికి ఆవిడ చానల్‌ను దాటింది అంతకు రెండు వారాల ముందు. వాచీ వేసుకుని దిగిన రోజున చలికి తట్టుకోలేక మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. వాచీ మాత్రం ఆగలేదు. విల్స్‌డార్ఫ్ డైలీ మెయిల్ పత్రిక మొదటి పేజీ మొత్తం కొని ప్రకటన వేయించాడు. డబ్బులు పోసి జనం కొనేది ముళ్ళను కాదు, ఇలాంటి కథను. 1953లో నీటి అడుగున పనిచేసేవాళ్ళ కోసం సబ్‌మెరైనర్ అని ఒకటి చేశారు. ఈదడం రాని వాళ్ళు కూడా దాన్ని కట్టుకుని తిరుగుతుంటారు, మా అబ్బాయి లెక్క ప్రకారం ప్రపంచంలో ఎక్కువ నకళ్ళు దానికేనట. లెక్క ఎవరు చూశారు గానీ, బీసెంట్ రోడ్డు తోపుడు బండి మీద నేను చూసిన నకళ్ళన్నీ మాత్రం దాని పోలికే.

మన సంగతి చూద్దాం. మన దేశంలో విదేశీ వస్తువుల మీద కట్టడి ఉన్న రోజుల్లో ఫారిన్ వాచీ అంటే ఒక కల. మద్రాసు బర్మా బజారులో కొన్నాను అని గుసగుసగా, గొప్పగా చెప్పుకునేవారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు సీకో ఫైవ్ తెస్తే వీధంతా వచ్చి చూసేది. 1961లో బెంగుళూరులో హెచ్ఎంటీ వాళ్ళు జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో వాచీలు మొదలుపెట్టాక గాని మధ్యతరగతి చేతికి వాచీ రాలేదు. జనత, పైలట్, కోహినూర్, కాంచన్. కాంచన్ కావాలని పెళ్ళివారు పట్టుబట్టిన ఇళ్ళు ఎన్నో. మన హైదరాబాదు ఆల్విన్ వాళ్ళు సీకో వారి సాంకేతిక సాయంతో వాచీలు చేశారన్నది ఈతరం పిల్లలకు తెలియదు. ఫ్రిజ్ చేసే ఆల్విన్, బస్సు బాడీలు కట్టే ఆల్విన్, వాచీలు కూడా చేసింది. తర్వాత టైటన్ క్వార్ట్జ్ వచ్చింది. రోజూ కీ ఇచ్చే పని తప్పింది, కీ ఇచ్చే కంపెనీలకు పనే లేకుండా పోయింది. 2016లో హెచ్ఎంటీ వాచీల శాఖను మూసేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది.

ఇంకో కథ కూడా ఉంది. పాత జనతలకు, పాత సీకోలకు ఉన్నట్టుండి గిరాకీ వచ్చింది. ముంబైలో కొందరు పాత వాచీలు పోగుచేసి, డయళ్ళకు కొత్త రంగులు వేసి, కంపెనీ ఎప్పుడూ చేయని ఎరుపు, ఆకుపచ్చ డయళ్ళతో ఆన్‌లైన్‌లో విదేశాలకు అమ్మారు. సేకరణదారులు వాటికి "ముంబై స్పెషల్" అని పేరు పెట్టుకున్నారు. లోపల మెషిన్ అసలుదే, పైన డయలు మీద పేరూ అసలు కంపెనీదే, అయినా ఆ వాచీ అసలుది కాదు. దీన్ని ఏ గాటన కడతారు మీరు?

సరదా సంగతులు ఇక్కడే మొదలవుతాయి. ఈ వాచీ మార్పుల హాబీకి గుండెకాయ సీకో వాళ్ళ ఎన్‌హెచ్35 అనే మెషిన్. సీకో దాన్ని వేరే కంపెనీలకు కూడా అమ్ముతుంది. మూడు నాలుగు వేల రూపాయలకు దొరుకుతుంది. 24 రాళ్ళు ఉంటాయి. మన పాత వాచీల మీద 17 జువెల్స్ అని ఉండేది చూశారా, అవే రాళ్ళు. కృత్రిమ కెంపులు. చక్రాల ఇరుసులు అరగకుండా పెడతారు. పూర్వం మా నాయనమ్మ వాటిని అమ్మితే ఎంతొస్తుందో అని ఆశపడేదట! చేతి కదలికకే దానంతటది స్ప్రింగు చుట్టుకుంటుంది, తీసి పక్కన పెడితే 41 గంటలు నడుస్తుంది. గంటకు 21,600 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు ఆరు. అసలు రోలెక్స్ సెకనుకు ఎనిమిది. అందుకని సెకన్ల ముల్లు నడక చూసి నకలును పట్టేసేవాళ్ళుంటారు. దానికి విరుగుడుగా చైనాలో స్విస్ మెషిన్లను పోలిన మెషిన్లు చేసి, ఎనిమిది సార్లు కొట్టుకునేలా రెప్లికాల్లో పెడతారు. దొంగకు తాళం, తాళానికి దొంగ.

చైనా అనగానే నకలు అని నోరు పారేసుకోకూడదు. 1961లో తియాన్‌జిన్ వాచీ ఫ్యాక్టరీ స్విట్జర్లాండ్ వీనస్ కంపెనీ నుంచి యంత్రాలు, హక్కులు డబ్బిచ్చి కొని, తమ వైమానిక దళానికి స్టాప్‌వాచీ ఉన్న గడియారాలు చేసింది. ఆ వంశంలో మెషిన్లు ఇప్పటికీ అక్కడ తయారవుతున్నాయి, చూడముచ్చటగా ఉంటాయి. కొనుక్కున్న విద్య నకలు కాదు కదా.

మా వాడి పని చూస్తే నాకు ముగ్గు వేయడం గుర్తొస్తుంది. డైనింగ్ టేబుల్ మీద తెల్ల కాగితం పరుస్తాడు, ఫ్యాను కట్టేస్తాడు, నన్ను పోపు కూడా వేయనివ్వడు. వేలిముద్ర పడకుండా వేళ్ళకు తొడుగులు. పట్టకారుతో డయలు ఎత్తి మెషిన్ మీద కూర్చోబెట్టి, గంటల ముల్లు, దాని మీద నిమిషాల ముల్లు, ఆఖరున వెంట్రుక లాంటి సెకన్ల ముల్లు నొక్కుతాడు. మూడూ సరిగ్గా పన్నెండు దగ్గర కలవాలి. తేదీ మారే క్షణం చూసుకుని ముళ్ళు పెట్టకపోతే, మధ్యాహ్నం పూటే తారీఖు మారిపోతుంది. అద్దం బిగించాక లోపల చిన్న నూగు కనిపిస్తే మళ్ళీ మొదటికి. ఫోన్ లేకుండా రెండు గంటలు వాడు కదలకుండా కూర్చునే పని ప్రపంచంలో ఇదొక్కటే. అందుకే నేనేమీ అనను.

కిందటి మాఘంలో మా బావగారి అమ్మాయికి పెళ్ళి కుదిరింది. కట్నం అడగలేదు వాళ్ళు, నిజం చెప్పుకోవాలి. కానీ లగ్నపత్రిక రోజున పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన ఒకరు, "మావాడికి వాచీలంటే ఇష్టం" అంటూ ఒక పెద్ద కంపెనీ పేరు చల్లగా జారవిడిచారు. అది అడగడమూ కాదు, అడగకపోవడమూ కాదు. ఆ వాచీ ఖరీదుతో మా బావగారు పెళ్ళి భోజనాలు పెట్టి, ఇంకా మిగుల్చుకోవచ్చు. ఆ రాత్రి అందరం కూర్చున్నాం. బంధువొకరు, "ఫస్ట్ కాపీ తెచ్చి పెట్టెలో పెట్టి ఇద్దాం, లోపల ఏముందో ఎవడు విప్పి చూస్తాడు" అన్నారు. ఇంకొకరు మావాడి వైపు తిరిగి, "నువ్వు చేసేయరా, డయలు మీద ఆ పేరుండేటట్టు" అన్నారు. అలాంటి డయళ్ళు దొరుకుతాయి. మా తోడికోడలి మొహంలో ఆశ చూశాను నేను. ఆడపిల్ల తల్లి ఆశ అది, తప్పుపట్టలేం.

చట్టం సంగతి మావాడే చెప్పాడు. 1999 ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం ఇంకొకరి పేరు దొంగతనంగా వేయడానికి, వేసినవి అమ్మడానికి ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉంది. "ఇంట్లో ఇచ్చుకునేదానికి పోలీసులొస్తారా?" అన్నారు వెంటనే. రారు, నిజమే. కానీ నాకు పోలీసుల భయం కాదు. ఏ వాచీ అయినా నాలుగేళ్ళకో ఐదేళ్ళకో రిపేరుకు వెళ్తుంది. అక్కడ మూత తీసి, కంటికి భూతద్దం పెట్టుకున్న మనిషి ఒక్క క్షణంలో చెప్పేస్తాడు. ఆ రోజున ఈ సలహా ఇచ్చిన పెద్దలు ఎవరూ ఆ ఇంట్లో ఉండరు. మాట పడాల్సింది ఒక్కతే. ఆ మాటే అన్నాను.

అప్పటిదాకా మాట్లాడని పెళ్ళికూతురు అంది, "పిన్నీ, నాతో పాటు అబద్ధాన్ని సారె పెట్టి పంపకండి. దాన్ని జీవితాంతం కాపాడుకోవడం నా వల్ల కాదు." ఆ తర్వాత ఇక చర్చ లేదు.

మావాడు వాళ్ళక్క కోసం వాచీ చేశాడు. ఎన్‌హెచ్35 మెషిన్, నీలం డయలు, దాని మీద ఏ పేరూ లేదు. వెనక మూత మీద పెళ్ళి తేదీ మాత్రం చెక్కించాడు. అప్పగింతల ముందు బావగారికి ఇస్తూ, "కంపెనీది కాదు బావా, నేనే బిగించాను, పాడైతే నాకే పంపించు" అని నలుగురిలో చెప్పాడు. ఆ పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూసి ఏమీ అనలేదు. మెచ్చుకోలేదు కూడా. పెళ్ళికొడుకు కట్టుకున్నాడు. ఇప్పుడూ కట్టుకుంటున్నాడో లేదో మేం అడగలేదు. ఇచ్చినదాని మీద మన అధికారం అంతవరకే.

ఇలాంటి తగువులు పెద్ద కోర్టులకూ వెళ్ళాయి. అమెరికాలో వోర్టిక్ అనే చిన్న సంస్థ పాత హామిల్టన్ జేబు గడియారాల మెషిన్లను, డయళ్ళను బాగుచేసి చేతి వాచీలుగా మార్చి అమ్మింది. హామిల్టన్ వాళ్ళు దావా వేశారు. 2021లో అప్పీలు కోర్టు కూడా వోర్టిక్ పక్షానే నిలిచింది. ఎందుకంటే పాత భాగాలతో తామే చేశామని వాళ్ళు కొనేవాళ్ళకు స్పష్టంగా చెప్పారు, ఎవరూ మోసపోలేదు. మరో పక్క, పాత రోలెక్స్ డయళ్ళకు రంగురంగులు వేసి, ఆ పేరు అలాగే ఉంచి అమ్మిన లా కాలిఫోర్నియెన్ అనే సంస్థ మీద 2019లో రోలెక్స్ దావా వేసింది. ఆ పేరుతో అమ్మకం ఆపుకోవాల్సి వచ్చింది వాళ్ళు. రెండు చోట్లా చేతిపని ఒకటే. తేడా అల్లా కొనేవాడికి ఏమి చెప్పారు, పేరు ఎవరిది వాడారు అన్నదే.

అనుకరణ అంటే నాకు చిన్నచూపు లేదండీ. రామరాజభూషణుడి వసుచరిత్ర చూసి ఎంతమంది కవులు అలాగే రాయబోయారో! వాటిని "పిల్ల వసుచరిత్రలు" అని ఎగతాళి చేశారు పండితులు. చేస్తే చేశారు. ఆ కవులు మాత్రం తమ కావ్యం మీద తమ పేరే వేసుకున్నారు. చూసి నేర్చుకోవడంలో తప్పు లేదు. వంట మనం అలాగే నేర్చుకున్నాం, ముగ్గు అలాగే నేర్చుకున్నాం. మీ పిల్లలు ఈ సరదాలో పడితే కంగారుపడకండి. ఒక్కటి మాత్రం అడగండి: "ఇది ఎవరిదని నలుగురిలో చెప్తావు?" దానికి తడుముకోకుండా జవాబు వస్తే చాలు.

అలాగే, మీ ఇంట్లో మామగారిదో నాన్నగారిదో పాత హెచ్ఎంటీ ఉంటే, మెరుపు కోసం దానికి కొత్త డయలు వేయించకండి. ఆ పసుపు మరకలు, ఆ మాసిన అంకెలు ఆయన చేతి చెమటకు వచ్చినవి. ఊళ్ళో పాత రిపేరు షాపు ఇంకా తెరిచే ఉంటే తీసుకెళ్ళి, శుభ్రం చేసి నూనె వేయమనండి. తర్వాత మెల్లగా కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకోండి. చాలావరకు నడుస్తాయవి.